ఆవిరి పల్లకి: ఖరగ్‌పూర్ గారట్ ఇంజను కథ

ఖరగ్‌పూర్ అనగానే మన విద్యార్థులకు వెంటనే గుర్తుకొచ్చేవి రెండు. మొదటిది 1951లో ప్రారంభమైన ఐ.ఐ.టి. రెండోది చాలాకాలం క్విజ్ పుస్తకాల్లో ‘ప్రపంచంలోకెల్లా పొడవైనది’గా నిలిచిన రైల్వే ప్లాట్‌ఫారం. 1,072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం రికార్డును 2013లో గోరఖ్‌పూర్, ఆ తర్వాత 2023లో హుబ్బళ్ళి దాటిపోయాయి. ఈ ఊరికి సంబంధించిన మూడో విశేషం మాత్రం క్విజ్ పుస్తకాల్లో అంతగా కనిపించదు. 230 టన్నులకు పైగా బరువుండే ఒక పాత ఆవిరి ఇంజనును 2006లో ఇక్కడి రైల్వే వర్కుషాపు బాగుచేసి మళ్ళీ నడిపించింది. ఆ ఇంజను నంబరు 811. దాని రకం పేరు గారట్.

గారట్ అనేది కొండల కోసం, మలుపుల కోసం పుట్టిన ఇంజను. ఖరగ్‌పూర్ చూస్తే బెంగాల్ మైదానంలో ఉన్న ఊరు. ఈ రెండింటికీ సంబంధం ఎలా కలిసింది? అందులో మన తెలుగువారి పాత్ర ఏమిటి? ముందుగా, కొండ ఎక్కేటప్పుడు రైలుకు ఎదురయ్యే చిక్కేమిటో తెలుసుకోవాలి. దానికి శరత్కాలపు డార్జిలింగును మించిన పాఠశాల లేదు.

ఇసుక చల్లే మనుషులు

బెంగాల్‌లో దసరా నాటి పూజా సెలవులు వస్తే చాలు, ఎందరో కొండలకు ప్రయాణం కడతారు. వానలు వెనక్కి తగ్గి, ఆకాశం కడిగినట్లుంటుంది. 8,586 మీటర్ల కాంచనజంగ శిఖరం డార్జిలింగ్ నుంచి స్పష్టంగా కనిపించే రోజులవి. 1881లో డార్జిలింగ్‌కు చేరిన రెండడుగుల గేజి రైలు మార్గానికి 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా లభించింది. ఇప్పుడు అక్కడ ఆవిరి ఇంజన్లు ముఖ్యంగా డార్జిలింగ్, ఘూం స్టేషన్ల మధ్య విహారయాత్రలకు నడుస్తున్నాయి.

ఈ చిన్న ఇంజను ముందు భాగంలో కూర్చుని పట్టాల మీద ఇసుక చల్లే మనుషుల ఫోటోలు మీరు చూసే ఉంటారు. అది తమాషా కోసం చేసే పని కాదు. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లేటప్పుడు ఘర్షణ చాలా తక్కువ. రైలు ప్రయాణం చవక కావడానికి కారణం అదే. కొండ ఎక్కేటప్పుడు మాత్రం ఆ సుగుణమే శత్రువవుతుంది. పట్టా పొడిగా ఉంటే చక్రం తన మీద పడే బరువులో సుమారు నాలుగో వంతు బలంతో పట్టాను పట్టుకోగలదు. అంతకన్నా ఎక్కువ బలంతో తిప్పితే చక్రం ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. బండి కదలదు.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. డార్జిలింగ్ ఇంజను బరువు సుమారు 15 టన్నులు. ఆ బరువంతా లాగే చక్రాల మీదనే ఉంటుంది కాబట్టి పొడి పట్టా మీద దానికి దొరికే పట్టు దాదాపు 3.7 టన్నులు. దాని వెనుక 30 టన్నుల పెట్టెలున్నాయనుకుందాం. మొత్తం 45 టన్నులు. ప్రతి 25 మీటర్లకు ఒక మీటరు ఎత్తు ఎక్కే వాలులో, గురుత్వాకర్షణ ఈ బండిని 45/25, అంటే 1.8 టన్నుల బలంతో వెనక్కి లాగుతుంది. పట్టా పొడిగా ఉంటే ఇబ్బంది లేదు. మంచు కురిసి పట్టా తడిసిందనుకోండి, పట్టు సగానికి పడిపోయి 1.9 టన్నుల దగ్గర ఆగుతుంది. మలుపుల దగ్గర కలిగే అదనపు నిరోధం కూడా చేరితే లెక్క తప్పిపోతుంది. ఆ లోటును పూడ్చేది గుప్పెడు ఇసుకే.

శరత్కాలంలో ప్రయాణికుడికి అందంగా కనిపించేవన్నీ డ్రైవరుకు హెచ్చరికలే. తెల్లవారుజామున పడే మంచు పట్టాలను తడుపుతుంది. రాలిన ఆకులు చక్రాల కింద నలిగి పట్టాల మీద గట్టి జారుడు పొరగా అంటుకుపోతాయి. చల్లని శీతల దేశాల రైల్వేలకు ఇది ఏటా వచ్చే తలనొప్పి. ఇంజను పొగగొట్టం మీద తెల్లగా, దట్టంగా లేచే ఆవిరి మేఘం కూడా ఈ కాలపు కానుకే. నిజానికి నీటి ఆవిరి కంటికి కనిపించదు. చల్లని గాలి తగలగానే అది సన్నని నీటి బిందువులుగా మారుతుంది. మనం చూసే తెల్లదనం ఆ బిందువులదే. వేసవి మధ్యాహ్నం ఇదే ఇంజను ఇంత మేఘాన్ని చూపించలేదు.

బోయీలు రెండు జట్లు, పల్లకి ఒకటి

ఎక్కువ బరువు లాగాలంటే లాగే చక్రాల మీద ఎక్కువ బరువుండాలి. అయితే ఒక్కో ఇరుసు మీద ఎంత బరువు పడాలో పట్టాలూ వంతెనలూ నిర్ణయిస్తాయి. కాబట్టి ఇరుసుల సంఖ్య పెంచాలి. ఒకే చట్రంలో ఇరుసులు పెంచుకుంటూ పోతే ఇంజను పొడవై, మలుపు తిరగలేదు. బాయిలరు పొడవు పెరిగితే మరో ప్రమాదం ఉంది. వాలు మీద నీళ్ళు ఒక కొసకు చేరి, నిప్పుగది పైకప్పు నీటి నుంచి బయటపడవచ్చు. అలా జరిగితే ఆ పైకప్పు వేడికి మెత్తబడి పేలిపోతుంది.

ఈ చిక్కుముడిని విప్పినవాడు హెర్బర్ట్ విలియం గారట్ (1864-1913). లండన్‌లో పుట్టి, దక్షిణ అమెరికా, ఆఫ్రికా ఖండాల రైల్వేలలో పనిచేసిన ఇంజనీరు. బరువైన ఫిరంగులను మోసే రైలు బళ్ళను చూసినప్పుడు ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. 1907లో ఆయన పేటెంటుకు దరఖాస్తు చేశాడు.

ఆ ఆలోచనను మన పల్లకితో పోల్చవచ్చు. ముందు ఒక జట్టు బోయీలు, వెనుక ఒక జట్టు, నడుమ పల్లకి. సందు మలుపులో ముందు జట్టు తిరుగుతుంది, కాసేపటికి వెనుక జట్టు తిరుగుతుంది. పల్లకి వంగనక్కరలేదు. గారట్ ఇంజనులో పల్లకి స్థానం బాయిలరుది. బోయీల స్థానంలో రెండు చక్రాల బళ్ళుంటాయి. ప్రతి బండికీ సొంత సిలిండర్లు, సొంత పిస్టన్లు ఉంటాయి. ముందు బండి మీద నీళ్ళ ట్యాంకు, వెనుక బండి మీద బొగ్గు, మరికొంత నీరు. బాయిలరును మోసే చట్రం రెండు కొసలలోనూ ఈ బళ్ళ మీద కీలుతో కూర్చుంటుంది.

దీనివల్ల మూడు లాభాలు కలిగాయి. బాయిలరు కింద చక్రాలు లేవు కాబట్టి దాన్ని పొట్టిగా, లావుగా చేయవచ్చు. నిప్పుగదిని లోతుగా, వెడల్పుగా కట్టవచ్చు. మొత్తం బరువు చాలా ఇరుసుల మీద పంచుకుపోతుంది. మూడో లాభం మరీ చిత్రమైనది. మలుపులో బాయిలరు రెండు కీళ్ళను కలిపే సరళరేఖలో, అంటే వంపుకు లోపలి వైపు నిలుస్తుంది. అపకేంద్ర బలం ఇంజనును బయటికి తోస్తుంటే, బాయిలరు బరువు లోపలి వైపు ఉండి దాన్ని నిలబెడుతుంది.

ఈ రకం ఇంజనుకు శబ్దంలో కూడా ఒక ప్రత్యేకత ఉంది. రెండు సిలిండర్లున్న మామూలు ఇంజను చక్రం ఒక చుట్టు తిరిగేసరికి నాలుగుసార్లు ‘ఛుక్’ మంటుంది. అలాంటి జంట గారట్‌లో రెండుంటుంది. ఆ రెండు జంటల చక్రాల మధ్య యంత్రపరమైన బంధం లేదు. అందుకని ఒకసారి రెండూ కలిసి ఒకే దెబ్బగా వినిపిస్తాయి. కాసేపటికి విడిపోయి రెండు డప్పులు పోటీపడినట్లుగా మోగుతాయి. మళ్ళీ కలుస్తాయి.

గారట్ ఆలోచనను ఇనుములోకి దింపినది ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరపు బేయర్ పీకాక్ కంపెనీ. మొదటి ఇంజను కె-1 టాస్మేనియా దీవి కొండల్లోని రెండడుగుల గేజి మార్గం కోసం 1909లో తయారైంది. ఆ వెంటనే 1911లో ఒక చిన్న గారట్ వచ్చింది మన డార్జిలింగుకే! అది 1950లలో కనుమరుగైంది. ఆ తర్వాత ప్రపంచమంతటా వెయ్యికి పైగా గారట్లు తయారయ్యాయి. గారట్ మాత్రం 1913లోనే మరణించాడు. తన ఇంజను ఎంత పెద్దదవుతుందో చూసే అవకాశం ఆయనకు దక్కలేదు.

రైలు పట్టాల వెంట తెలుగువారు

ఇక ఖరగ్‌పూర్ సంగతికి వద్దాం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీని అందరూ బి.ఎన్.ఆర్. అనేవారు. 19వ శతాబ్దం చివర ఈ కంపెనీ ఒకవైపు నాగపూర్‌కూ, మరోవైపు కటక్‌కూ వెళ్ళే దారులను ఖరగ్‌పూర్‌లో కలిపింది. 1900లో కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ నది మీద వంతెన పూర్తయ్యాక ఈ జంక్షన్ హౌరాకు నేరుగా కలిసింది. పెద్ద వర్కుషాపు కూడా ఇక్కడే వెలిసింది.

విజయవాడ నుంచి కటక్ దాకా తూర్పు తీరపు రైలు మార్గం 1893-96 మధ్య పూర్తయింది. 1902లో దాని ఉత్తర భాగం, వాల్తేరు వైపు నుంచి కటక్ దాకా సుమారు 514 కిలోమీటర్లు, బి.ఎన్.ఆర్. చేతికి వచ్చింది. దాంతో విశాఖపట్నం, శ్రీకాకుళం, గంజాం ప్రాంతాల పల్లెలకు ఖరగ్‌పూర్ ఒక్క రైలు ప్రయాణం దూరంలోకి వచ్చింది. కరువుకాలంలో పొలం ఆదుకోకపోతే వర్కుషాపు ఆదుకునేది. అలా వెళ్ళినవాళ్ళు అక్కడే స్థిరపడ్డారు. వీధుల్లో, బడుల్లో, గుళ్ళలో తెలుగు వినిపించే ఊరుగా ఖరగ్‌పూర్ మారింది. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించడానికి ఈ ఊరి తెలుగువారే ముఖ్యకారణం.

వర్కుషాపు జీవితం ఎప్పుడూ సాఫీగా సాగలేదు. 1927లో కార్మికులను పెద్ద ఎత్తున తొలగించడానికి వ్యతిరేకంగా ఖరగ్‌పూర్‌లో జరిగిన సమ్మె మన కార్మికోద్యమ చరిత్రలో ప్రసిద్ధమైనది. ఆనాటి బి.ఎన్.ఆర్. కార్మిక సంఘాన్ని నడిపినవారిలో ప్రముఖుడు బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి.గిరి. ఆయనే 1969లో భారత రాష్ట్రపతి అయ్యారు.

సరిగ్గా ఆ దశకంలోనే గారట్లు ఈ రైల్వేలో అడుగుపెట్టాయి. ఖరగ్‌పూర్ నుంచి పడమటికి వెళ్ళే దారిలో చక్రధర్‌పూర్ దాటాక సారండా అడవుల కొండలు మొదలవుతాయి. బొగ్గు, ఇనుప ఖనిజం మోసే బళ్ళు అక్కడ నూరు మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కాలి. డార్జిలింగ్ వాలుతో పోలిస్తే ఇది స్వల్పమే అనిపిస్తుంది. బండి బరువు వెయ్యి టన్నులైతే గురుత్వాకర్షణ ఒక్కటే పది టన్నుల బలంతో వెనక్కి లాగుతుందని గుర్తుంచుకోండి. 1925లో రెండు గారట్లను తెప్పించి చూశారు. ఫలితం బాగుండటంతో ఆ తర్వాత మరిన్ని కొన్నారు. 1939 నాటికి బి.ఎన్.ఆర్. దగ్గర మొత్తం 32 గారట్లు చేరాయి.

వీటిలో ‘ఎన్’ తరగతివి మహాకాయాలు. మన 811 ఆ తరగతిదే. పన్నెండు ఇరుసులు, వాటిలో ఎనిమిది లాగే ఇరుసులు. 230 టన్నులను పన్నెండుతో భాగిస్తే ఇరుసుకు సగటున 19 టన్నుల చొప్పున పడుతుంది. భారతదేశపు పట్టాల మీద ఇంతకన్నా బరువైన ఆవిరి ఇంజను తిరగలేదు. దాని లాగుడు బలం 30 టన్నులకు పైమాటే. కాగితం మీద లెక్క ప్రకారం నూటికి ఒకటి వాలులో ఇది రెండు వేల టన్నుల గూడ్సు బండిని లాగగలదు.

ఇనుము ఉంది, చేయి ఏది?

ఆవిరి ఇంజన్ల కాలం ముగియక తప్పలేదు. బొగ్గులోని శక్తిలో నూటికి ఆరేడు పాళ్ళు మాత్రమే లాగుడు పనికి మారేది. మిగిలినదంతా పొగగొట్టం గుండా వృథా అయ్యేది. డీజిల్ ఇంజను నూటికి ముప్ఫై పాళ్ళు దాటుతుంది. చిత్తరంజన్ కర్మాగారం తన చివరి బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజనుకు ‘అంతిమ్ సితారా’ అని పేరుపెట్టి 1970లో బయటికి పంపింది. 1972తో మీటర్‌గేజి ఇంజన్ల తయారీ కూడా ఆగింది. 1995 డిసెంబరుతో బ్రాడ్‌గేజి పట్టాల మీద ఆవిరి రోజువారీ సర్వీసు ముగిసింది. గారట్లు అంతకు చాలా ముందే, 1970 ప్రాంతాల్లో, పని విరమించాయి. కొన్ని మిగిలాయి. వాటిలో 815 నంబరు ఇంజను ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో నిలిచి ఉంది.

ఇక్కడ మరో లెక్క వేద్దాం. 1970లో గారట్ మీద పనిచేసిన ఫిట్టరు వయసు 25 అనుకుంటే, 2006 నాటికి ఆయనకు 61 ఏళ్ళు. అంటే 811ను బాగుచేయాలని ఆగ్నేయ రైల్వే పూనుకున్నప్పుడు, ఆ ఇంజనును పనిలో చూసిన తరం అప్పటికే ఇళ్ళకు చేరిపోయింది. ఇనుము షెడ్డులో ఉంది. దాని మర్మం తెలిసిన చేతులు పదవీ విరమణ చేశాయి.

ఒక ఆవిరి ఇంజనును మళ్ళీ నడపాలంటే రంగులు వేస్తే సరిపోదు. బాయిలరులోని పొగ గొట్టాలను తీసి కొత్తవి బిగించాలి. నిప్పుగది గోడలను పట్టి ఉంచే వందలాది మరలను ఒక్కొక్కటిగా సుత్తితో తట్టి చూడాలి. విరిగిన మర శబ్దం వేరుగా ఉంటుంది. ఆ తేడాను చెవి పట్టుకోవాలి. తర్వాత బాయిలరును చల్లని నీటితో నింపి, పనిచేసే పీడనం కన్నా ఎక్కువ పీడనంతో పరీక్షించాలి. నీటికి సంకోచించే గుణం దాదాపు లేదు కాబట్టి ఎక్కడైనా పగిలినా కారిపోతుందే తప్ప పేలదు. అందుకే మొదటి పరీక్ష ఆవిరితో చేయరు.

గారట్‌కు వీటన్నిటికీ మించిన పరీక్ష ఒకటి ఉంది. బాయిలరు నుంచి సిలిండర్లకు వెళ్ళే ఆవిరి గొట్టాలు కదిలే కీళ్ళ గుండా వెళ్ళాలి. మలుపులో బండి తిరిగినప్పుడు గొట్టం కూడా తిరగాలి, ఆవిరి మాత్రం బయటికి రాకూడదు. గోళాకారంలో అరగదీసి అమర్చే ఆ కీలు ఒక వెంట్రుకవాసి వదులైతే ఆవిరి కక్కుతుంది, బిగుతైతే పట్టేస్తుంది. ఆ ‘సరిపోయింది’ అనే మాటను నక్షా చెప్పలేదు. చేయి చెప్పాలి.

ఖరగ్‌పూర్ వర్కుషాపు ఆ పరీక్ష నెగ్గింది. 2006లో 811 తన సొంత ఆవిరితో పట్టాల మీద కదిలింది. ఒకనాడు అవసరం లేదని మనుషులను తొలగించబోయిన చోటే, దాదాపు ఎనభై ఏళ్ళ తర్వాత, ఆ పనివాళ్ళ విద్య ఎంత విలువైనదో రుజువైంది.

కొండలకు తిరిగి వెళ్ళిన గారట్లు

ఇలాంటి ప్రయత్నం మనదొక్కటే కాదు. బ్రిటన్‌లోని వేల్స్ కొండల్లో 1923లో మొదలై, 1937కల్లా మూతబడి, ఆ తర్వాత పట్టాలు కూడా పీకేసిన వెల్ష్ హైలాండ్ రైల్వేను 1997 నుంచి మళ్ళీ నిర్మించారు. 2011లో 40 కిలోమీటర్ల మార్గమంతా తెరుచుకుంది. అందులో స్వచ్ఛంద కార్యకర్తల శ్రమ చాలా ఉంది. శరత్కాలంలో అక్కడి గుట్టలు రాగి రంగుకు తిరుగుతాయి. నలభై మీటర్లకు ఒక మీటరు వాలులో, మెలికలు తిరిగే దారిలో, ఆ రైళ్ళను లాగేవి దక్షిణాఫ్రికా నుంచి తెచ్చిన గారట్లు. వాటిలో 143 నంబరుది బేయర్ పీకాక్ మాంచెస్టర్ కర్మాగారంలో తయారైన చివరి ఆవిరి ఇంజను. టాస్మేనియాలో పనిచేసి 1947లో మాంచెస్టర్ తిరిగి వచ్చిన కె-1 సైతం బాగుపడి ఆ పట్టాల మీద నడిచింది. అలా ఆ వంశంలో మొదటిదీ చివరిదీ ఒకే కొండదారిని తొక్కాయి.

మన దేశంలో డార్జిలింగ్ ఇంజన్లను తిన్‌ధరియా వర్కుషాపు కాపాడుకొస్తోంది. నీలగిరి పళ్ళచక్రపు రైలు కోసం తిరుచిరాపల్లిలోని గోల్డెన్ రాక్ వర్కుషాపు 2011 నుంచి కొత్త ఆవిరి ఇంజన్లనే తయారుచేసింది. ఈ రెండు చోట్లా ఒక సౌలభ్యం ఉంది. అక్కడ ఆవిరి పని ఎన్నడూ పూర్తిగా ఆగలేదు. పెద్దవాడి పక్కన నిలబడి చిన్నవాడు నేర్చుకునే వరుస తెగలేదు. ఖరగ్‌పూర్‌లో ఆ వరుస తెగిన తర్వాత మళ్ళీ ముడివేయవలసి వచ్చింది. తెగిన దారాన్ని ఒకసారి ముడివేయవచ్చు. నేర్చుకునేవాళ్ళు లేకపోతే ఆ ముడి కూడా నిలవదు. ఇంజను నక్షాలను బీరువాలో వందేళ్ళు దాచవచ్చు గాని, సుత్తి దెబ్బను విని మర విరిగిందని చెప్పే చెవిని దాచడానికి బీరువాలు లేవు. ఒక మనిషి నుంచి మరో మనిషికి అందడమే దానికున్న దారి.

ఢిల్లీ వెళ్ళినప్పుడు జాతీయ రైలు మ్యూజియంలో 815 నంబరు గారట్‌ను తప్పక చూడండి. చాలామంది దాని పొడవు చూసి, ముందు నిలబడి ఫోటో తీయించుకుని వెళ్ళిపోతారు. మీరు మాత్రం పక్కకు వెళ్ళి, బాయిలరు చట్రం ముందు బండి మీద కూర్చున్న చోటును వంగి చూడండి. కీలూ, దాని పక్క నుంచి వెళ్ళే ఆవిరి గొట్టమూ కనిపిస్తాయి. గారట్ ఆలోచనంతా ఉన్నది ఆ చోటనే. ఖరగ్‌పూర్ పనివాళ్ళ నేర్పు ఉన్నదీ ఆ చోటనే.